కార్బొరేటర్ జోలికి చివర్లో వెళ్దాం

పాత అంబాసిడర్ స్టార్ట్ కాక ఇంటి ముందు ఆగిపోయిందంటే, బానెట్ ఎత్తగానే చుట్టూ చేరే నలుగురిలో ముగ్గురి తీర్పు ఒకటే: "కార్బొరేటర్ అయ్యుంటుందండీ, విప్పి కడిగించండి." ఆ మాట విని విప్పితే అంతకుముందు లేని జబ్బులు కొత్తగా వస్తాయి. జెట్లు తారుమారవుతాయి, పాత గాస్కెట్ చిరుగుతుంది, ఫ్లోట్ వంగుతుంది. నిన్నటిదాకా చక్కగా తిరిగిన బండి ఈ పొద్దున మొరాయించిందంటే, నా అనుమానం ముందు కరెంటు మీదికే పోతుంది.

ఇక్కడ చెప్పేదంతా పాయింట్లు, కార్బొరేటర్ ఉన్న కార్ల సంగతి. గన్నవరం, విజయవాడ వైపు అవి ఎక్కువగా అంబాసిడర్లు, ఫియట్లు. అంబాసిడర్ అంటే ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసే. దాన్ని ఉత్తరపారాలో 1950ల చివరి నుంచి 2014 మే దాకా తయారుచేశారు. పాత మార్క్-2లో ఉన్నది 1489 సీసీ పెట్రోలు ఇంజను. వింటేజ్ అని అందరూ అనేస్తారు గానీ, 2021 కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండే వింటేజ్. దాని నంబరులో 'వీఏ' అన్న అక్షరాలు ఉంటాయి. ఆ నంబరు తీసుకున్నాక పెళ్లిళ్లకు అద్దెకు తిప్పుతామంటే మాత్రం కుదరదు.

ముందు సెల్ఫ్ సంగతి. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు పూర్తిగా చచ్చిపోతే బ్యాటరీ దిగిపోయినట్టు, లేదా టెర్మినళ్లకు తెల్లటి పొక్కు పట్టినట్టు. నిండా ఛార్జున్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది, 12కి వచ్చిందంటే చాలావరకు ఖాళీ. లైట్లు ఏమాత్రం తగ్గకుండా వెలుగుతూ, సెల్ఫ్ మాత్రం ఉలకకపోతే తప్పు స్విచ్‌లోనో సోలినాయిడ్‌లోనో వెతకాలి. ఇంకొకటుంది, చాలామంది దాని వంకే చూడరు. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఛాసిస్ నుంచి దానికి కరెంటు దారి ఒక అల్లిక తీగ ఒక్కటే. ఆ ఎర్త్ తీగ తుప్పు పట్టిందంటే కరెంటు చోక్ కేబుల్ గుండానో యాక్సిలరేటర్ కేబుల్ గుండానో దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టాక చోక్ కేబుల్ చేతికి వేడిగా తగిలితే ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంజను తిరుగుతోంది, అంటుకోవడం లేదు. అప్పుడు ఒక ప్లగ్గు విప్పి చూడండి. తడిగా ఉండి పెట్రోలు వాసన కొడితే పెట్రోలు అందుతోంది, నిప్పే లేదన్నమాట. ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా పొడిగానే ఉంటే పెట్రోలు వైపు వెళ్లాలి. ఇంత చిన్న పరీక్ష చేయకుండానే విడిభాగాల కోసం ఆటోనగర్ బయల్దేరేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

నిప్పు ఎలా పుడుతుందో తెలిస్తే వెతకడం తేలిక. డెల్కోలో (అంటే డిస్ట్రిబ్యూటర్లో) పాయింట్లు మూసుకున్నంతసేపూ కాయిల్లోకి కరెంటు పారి అయస్కాంత శక్తి పోగవుతుంది. పాయింట్లు విడిపోయిన క్షణంలో ఆ శక్తి కుప్పకూలి వేల వోల్టులుగా మారి ప్లగ్గు దగ్గర దూకుతుంది. పాయింట్ల మధ్యే నిప్పు రాలి వృథా కాకుండా చూసేది కండెన్సర్. మన డెల్టాలో వానాకాలం నాలుగు నెలలు షెడ్డులో నిలిపిన బండికి పాయింట్ల మీద పల్చటి పొర పడుతుంది. కంటికి ఆనదు గానీ కరెంటును ఆపేస్తుంది. కీ తీసేసి, సన్నటి ఉప్పుకాగితంతో ఒకటి రెండుసార్లు రుద్ది, శుభ్రమైన గుడ్డతో తుడవండి. పూర్తిగా విడిపోయినప్పుడు మధ్య సందు అంబాసిడర్‌కు అంగుళంలో వెయ్యి భాగాలు చేస్తే అందులో 15 ఉండాలి, అంటే 0.38 మిల్లీమీటరు. ఫీలర్ గేజ్ లేకుండా కంటి అంచనాతో పెట్టకండి.

తర్వాత కాయిల్ నుంచి డెల్కో మూత మధ్యకొచ్చే తీగను ఊడదీసి, పొడి రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని ఇంజను ఇనుముకు కొద్ది దూరంలో ఉంచి, ఇంకొకరి చేత సెల్ఫ్ కొట్టించండి. దగ్గర్లో పెట్రోలు తడి ఉండకూడదు. లావుగా, నీలంగా, టక్కుమని దూకితే కాయిల్ దాకా అంతా బాగున్నట్టే. ఆ నిప్పు ప్లగ్గు దాకా రాకపోతే మూతలో చెమ్మ, సన్నటి పగులు, రోటర్ చూడాలి. పచ్చగా, బక్కగా ఉంటే కండెన్సర్ మార్చండి. తీగలు పీకినప్పుడు వరస తప్పకండి, పేలే వరస 1-3-4-2. అది తారుమారైతే కార్బొరేటర్ లోంచి దగ్గు వస్తుంది. అప్పుడు ఆ నలుగురూ మళ్లీ "చెప్పాం కదా కార్బొరేటరేనని" అంటారు.

ప్లగ్గు పొడిగా ఉంటే ముందు ట్యాంకు మూత తీసి చూడండి. మూతలో గాలి రంధ్రం పూడినా పెట్రోలు కదలదు. కార్బొరేటర్‌కొచ్చే పైపు ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొడితే పెట్రోలు చిమ్మాలి. చిమ్మకపోతే పంపు డయాఫ్రమ్, ఫిల్టర్, పాత రబ్బరు పైపులు. ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది ఆ కాలపు రబ్బరును మెత్తబరుస్తుంది, గాలిలోని చెమ్మను పీలుస్తుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగున చేరుతుంది, పంపు పీల్చేది ఆ అడుగునుంచే. నెలల తరబడి బండి తీయనివాళ్లు ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకపోవడం మేలు. ఇవన్నీ బాగున్నాకే కార్బొరేటర్. అప్పుడైనా విప్పే ముందు ఫ్లోట్ గిన్నె మీద స్క్రూడ్రైవర్ పిడితో నెమ్మదిగా తట్టండి, ఇరుక్కున్న సూది చాలాసార్లు అలాగే వదులుతుంది.

మే నెల ఎండలో హైవే మీద ఆగిపోతే వేపర్ లాక్ అంటారు. నిజమే, పంపులో పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి అరగంట ఆగితే దారికొస్తుంది. కానీ వేడెక్కితే కాయిలూ కండెన్సరూ కూడా ఇలాగే చేతులెత్తేస్తాయి, చల్లారాక ఏమీ ఎరగనట్టు పనిచేస్తాయి. అందుకే నిప్పు పరీక్ష బండి ఆగిన ఆ వేడిలోనే చేయాలి.

వరద నీటిలో మునిగిన బండిది వేరే కథ. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు నీళ్లు విజయవాడ వీధుల్ని ముంచినప్పుడు ఎన్నో బండ్లు నీళ్లలో నిలబడ్డాయి. అలాంటి బండికి తొందరపడి సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్లో చేరిన నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. బ్యాటరీ తీగ ఊడదీసి, నాలుగు ప్లగ్గులూ విప్పి, హ్యాండిల్‌తో చేత్తో తిప్పుతూ నీళ్లు బయటికి పంపాలి. పాత ఆయిల్ దించి కొత్తది పోయాలి, ఒక్కో సిలిండర్లో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ చేత్తో తిప్పాలి. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిల్ కూడా మార్చాలి. డెల్కో మూత, తీగలు పూర్తిగా ఆరాకే బ్యాటరీ తీగ తగిలించాలి.