లోడర్లలో పిన్నుల అరుగుదల – గుర్తింపు, మరమ్మతు

పశువుల ఎరువు, చెరువు పూడిక మట్టి, ఇసుక వంటి వాటిని ట్రాలీలకు ఎత్తడానికి లోడర్లను వినియోగిస్తున్నారు. వీటి చేతులు, బకెట్టు, హైడ్రాలిక్ సిలిండర్లు పిన్నుల ఆధారంగానే కదులుతాయి. పిన్ను వదులైనప్పుడు దానిని మాత్రమే మార్చితే సమస్య త్వరలోనే తిరగబెడుతుంది. అరుగుదల పిన్నులో ఉన్నదా, బుష్‌లో ఉన్నదా, బుష్ కూర్చున్న రంధ్రంలో ఉన్నదా అన్నది ముందుగా నిర్ధారించాలి.

కారణాలు: సాధారణంగా పిన్ను ఉపరితలాన్ని గట్టిపరుస్తారు. చవకగా మార్చుకోగల బుష్ ముందుగా అరిగేలా రూపొందిస్తారు. గ్రీజు కొరవడితే ఇసుక, దుమ్ము లోపలికి చేరి రెండింటినీ ఆకురాయివలె కోస్తాయి. పిన్ను తిరగకుండా పట్టి ఉంచే బోల్టు విరిగితే పిన్ను చట్రంలోని రంధ్రంలోనే తిరుగుతూ దానిని కోలగా మారుస్తుంది.

రెండు బుష్‌ల మధ్య దూరం 200 మి.మీ., పిన్ను నుండి బకెట్టు అంచుకు 1000 మి.మీ. అనుకుంటే, పిన్ను వద్ద 1 మి.మీ. వదులు అంచు వద్ద ఒక్కొక్క ప్రక్కకు సుమారు 5 మి.మీ. కదలికగా మారుతుంది. ఈ కుదుపులు చట్రంలో పగుళ్ళకు దారితీస్తాయి.

గుర్తింపు: బకెట్టును నేలకు దించి, ఇంజను ఆపి, లివర్లను కదిపి హైడ్రాలిక్ పీడనాన్ని తొలగించాలి. చేతులకు దృఢమైన ఊతం ఇచ్చిన తరువాతనే పిన్ను తీయాలి. పిన్నును అరగని చోట, అరిగిన చోట వెర్నియర్‌తో కొలిచి పోల్చాలి. బుష్‌ను, రంధ్రాన్ని పరస్పరం లంబంగా ఉన్న రెండు దిశలలో కొలవాలి. కొలతలు వేరైతే అది కోలగా మారినట్లే.

మరమ్మతు: రంధ్రం గుండ్రంగా ఉంటే పిన్ను, బుష్‌లను కలిపి మార్చితే సరిపోతుంది. కొత్త బుష్‌ను సుత్తితో కొట్టక, చల్లబరచి ప్రెస్‌తో ఎక్కించాలి. రంధ్రం కోలగా మారితే వెల్డింగుతో లోహం నింపి, లైన్ బోరింగ్ ద్వారా ఎదురెదురు రంధ్రాలను ఒకే అక్షంపై తొలవాలి. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పి, ఎర్తు క్లాంపును పని జరిగే చోటికి దగ్గరగా బిగించాలి. షిమ్ వాషర్లు ప్రక్క ఖాళీని మాత్రమే తగ్గిస్తాయి. రంధ్రంలోని వదులును సరిచేయవు. పిన్నును చట్రానికి వెల్డింగు చేయడం తగదు. ఆ వేడికి పిన్ను గట్టిదనం తగ్గుతుంది. బుష్ అరుగుదల ఆగదు. తరువాత పిన్నును కోసి తీయవలసి వస్తుంది.

నివారణ: తయారీదారు సూచించిన వ్యవధిలో, బురదలో పనిచేస్తే మరింత తరచుగా, పాత గ్రీజు వెలికి వచ్చేవరకు కొత్త గ్రీజు ఎక్కించాలి. నిపుల్ గ్రీజును స్వీకరించకపోతే వెంటనే శుభ్రపరచాలి లేదా మార్చాలి. బుష్ దశలోనే అరుగుదలను గుర్తిస్తే ఖరీదైన బోరింగు అవసరం తప్పుతుంది. లోడరు యజమానులకు విస్తరణ శాస్త్రవేత్తలు చేయవలసిన ముఖ్య సూచన ఇదే.