మురుగునీరు ఇంటిలోనికి ఎదురుతన్నకుండ

‘నీరు పల్లమెరుగు’ నని సామెత. ఇంటిలోని మురుగునీరు వీధి క్రిందనున్న పెద్ద గొట్టములోనికి పోవుటకు ఈ పల్లమే ఆధారము. అయినను కుండపోతగా వాన కురిసిన రాత్రి కొన్ని ఇండ్లలో స్నానాల గది తూమునుండియు, మరుగుదొడ్డినుండియు మురుగు పైకి ఉబికి గదులలో నిండుచుండును. నీరు పల్లము విడిచి మిట్టకెక్కినదా? లేదు. ఆ వేళకు ఇల్లే పల్లమైనది.

రెండు గాజు గొట్టములను రబ్బరు గొట్టముతో కలిపి నీరు పోసినచో, రెండింటిలోను నీరు ఒకే మట్టమున నిలుచును. వీధిలోని మ్యాన్‌హోల్ ఒక గొట్టమనియు, ఇంటిలోని తూము రెండవ గొట్టమనియు భావింపుడు. వీధి గొట్టము పూడిపోయినను, వాననీటితో నిండిపోయినను, మురుగు మ్యాన్‌హోల్‌లో మూతవరకు లేచి, ఆపైన రోడ్డుమీదికి పొర్లును. ఆ మూతకంటె దిగువనున్న ప్రతి తూమునకును అపాయమే. గది నేల మూతకంటె 1 మీటరు దిగువనున్నచో, అచట ప్రతి చదరపు సెంటీమీటరుపై సుమారు 100 గ్రాముల బరువంత ఒత్తిడి పడును. 10 సెంటీమీటర్ల వ్యాసముగల గొట్టము నోటివద్ద ఇది దాదాపు 8 కిలోల బరువునకు సమానము. గుడ్డలు కుక్కి దీనిని ఆపుట కష్టము.

తూము క్రింద వంపు గొట్టము, అనగా ట్రాప్, ఉన్నది గదాయని కొందరు ధైర్యముగ నుందురు. 1775లో అలెగ్జాండర్ కమింగ్ పేటెంటు పొందిన మరుగుదొడ్డిలో ఇట్టి వంపు కలదు. దానిలో నిలిచిన కొద్దిపాటి నీరు దుర్వాసనను ఆపగలదే గాని, ఎదురువచ్చు మురుగును ఆపలేదు.

దానిని ఆపునది ఒకవైపే తెరుచుకొను కవాటము. బయటికి పోవు నీరు దాని రెక్కను తోసికొని పోవును. ఎదురువచ్చు నీరు అదే రెక్కను మూసివేయును. అమెరికాలోని పెక్కు రాష్ట్రములు అనుసరించు అంతర్జాతీయ ప్లంబింగ్ కోడ్‌లో ఇందుకొక నియమము కలదు. వీధి గొట్టముపై ఇంటికి ఎగువనున్న తొలి మ్యాన్‌హోల్ మూతకంటె గది నేల దిగువనున్నచో, ఆ గది తూములకు ఈ కవాటము ఉండవలెను. ఎగువ అంతస్తుల నీటిని మాత్రము కొత్త కట్టడములలో దీనిగుండా పోనీయరాదు. ఏలననగా, కవాటము మూసికొనియున్న వేళ మేడమీద వాడిన నీరు బయటికి పోవు దారిలేక క్రింది గదిలోనే పొర్లును. అప్పుడు ఇంటిని ముంచునది ఊరి మురుగు కాదు, ఆ ఇంటి నీరే!

మిద్దె నీటిని మురుగు గొట్టములో కలిపిన ఇంటికి ఈ చిక్కు మరింత పెద్దది. 2013 జూలై 8న కెనడాలోని టొరంటో విమానాశ్రయమున 126 మిల్లీమీటర్ల వాన కురిసినది. 100 చదరపు మీటర్ల మిద్దెపై అంతటి వాన పడినచో 12,600 లీటర్ల నీరగును. వేలకొలది ఇండ్లు ఇట్లు ఒకేసారి వదలిన నీటిని ఏ మురుగు గొట్టము మోయగలదు? ఆ నగరము ఈ వానకు ముందే మేలుకొన్నది. మిద్దె నీటి గొట్టములను మురుగు గొట్టములనుండి విడదీసి, నీటిని నేలపైకి వదలవలెనను నియమమును 2011 నుండి 2016 వరకు మూడు దశలలో అమలుపరచినది. సాధ్యముకాని చోట్ల మినహాయింపు కలదు. కవాటము ఇంటిని కాపాడును. ఈ నియమము వీధి గొట్టమును కాపాడును. ఒకటి లేనిదే రెండవది చాలదు.

మన పట్టణములలో గమనింపదగిన విషయము ఇంకొకటి కలదు. పాత రోడ్డుపైననే కొత్త పొర వేయునప్పుడెల్ల రోడ్డుతోపాటు మ్యాన్‌హోల్ మూతయు పైకి లేచును. కట్టిననాడు రోడ్డుకంటె ఎత్తుగానున్న ఇల్లు, గోడ కదలకయే, కొన్నేండ్లకు పల్లమున పడును. కావున ఇల్లు కట్టుటకు అనుమతి ఇచ్చునాడు మాత్రమే మట్టము చూచుట చాలదు. రోడ్డు లేచినప్పుడెల్ల మరల చూడవలెనని నియమముండుట మేలు. కవాటమునకును ఏడాదికొకసారియైన శుభ్రత అవసరము. రెక్క సందున గుడ్డపీలిక చిక్కినను అది మూసికొనదు.

ఈ కొలతకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. తాపీమేస్త్రీలు వాడు నీరు నింపిన లెవెల్ పైపు చాలును. దాని ఒక కొనను మ్యాన్‌హోల్ మూతవద్దను, రెండవ కొనను ఇంటి గుమ్మమువద్దను నిలిపినచో, ఆ ఇల్లు మిట్టనున్నదో పల్లముననున్నదో విద్యార్థులే చెప్పగలరు.