సంభాషణము – లేఖనము : కొన్ని పరిశీలనములు

తెలుగునాట వాడుకభాషను గూర్చిన వాదము మొదలై నూఱేండ్లు దాటినది. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు, గురజాడ అప్పారావుగారు, విశాఖపట్టణమున మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలకు అధ్యక్షులుగా నుండిన పి.టి. శ్రీనివాస అయ్యంగారు మొదలగువారు రచనకు వ్యావహారికమే తగునని వాదించిరి. ఆ వాదము ప్రధానముగా రూపములను గూర్చినది. 'చేయుచున్నాడు' అని వ్రాయవలెనా, 'చేస్తున్నాడు' అని వ్రాయవలెనా యనునది అందలి ప్రశ్న. దానికి కాలమే సమాధానము చెప్పినది. నేడు పత్రికలును నవలలును వ్యావహారికముననే వెలువడుచున్నవి. అయినను అవి సంభాషణములు కావు. వాడుక రూపములతో గూడిన లేఖనములే. ఈ వ్యాసమును వ్యావహారికమునకు మార్చినను ఇది వ్యాసమే యగును గాని మాటామంతీ కాజాలదు. కావున రూపభేదము వేఱు, మాధ్యమభేదము వేఱు. ఈ రెండవ భేదమును పరిశోధకులు విస్మరించినచో కలుగు నష్టమును చూపుట ఈ వ్యాసోద్దేశము.

ముందుగా ఒక చిన్న ఉదాహరణము. విశాఖపట్టణమున ఆర్టీసీ కాంప్లెక్సు వద్ద బస్సుకై నిలిచిన యిద్దఱి నడుమ ఇట్టి మాటలు నిత్యమును వినవచ్చును.

"గాజువాక ఎల్లిపోనాదేటి?"
"ఇప్పుడే."
"మరి?"
"ఇంకోటొస్తాది."
"బేగినా?"
"ఏటో."

ఇందు 'గాజువాక' యనగా ఊరు కాదు, ఆ యూరికి పోవు బస్సు. 'ఇప్పుడే' యనుదానికి క్రియ లేదు. అది ముందటి ప్రశ్నలోనే యున్నది. 'మరి' యను నొక్క పదము 'ఇక నేను ఇల్లు చేరుటెట్లు' అను పూర్ణవాక్యమునకు సమానము. ఈ యాఱు పలుకులలో ఏ యొక్కటియు ఒంటరిగా నిలువదు; కలసినప్పుడు లోపమేమియు లేదు. వ్యాకరణదృష్టిచే వీనిని అసమగ్రవాక్యములనుట లేఖనపు కొలతతో సంభాషణమును కొలుచుటయే. వ్రాయువానికి ఎదుట మనిషి లేడు. కావున సందర్భమునంతను వాక్యమున నిమిడ్చవలసి యున్నది. మాటాడువానికి సందర్భము కన్నులయెదుటనే యున్నది.

పదక్రమమునందును ఈ భేదము కానవచ్చును. తెలుగు వాక్యము క్రియతో ముగియునని బోధింతుము. సంభాషణమున 'వచ్చిందా, మీ చెల్లెలు?' అని క్రియ పిదప కర్త వచ్చుట సామాన్యము. ఎవరిని గూర్చి అడిగితినో ఎదుటివానికి తెలిసినట్లు లేదని తోచినంతనే వక్త ఆ పదమును చేర్చును. ఇట్లే 'అదే', 'అంటే', 'అబ్బే' యనునవి దిద్దుబాటునకు సాధనములు. లేఖకుని కొట్టివేతలు పాఠకునికి కానరావు. వక్త కొట్టివేతలు శ్రోత చెవిని పడుచునే యుండును.

శ్రోతయు ఊరకుండడు. కథ చెప్పువానికి 'ఊఁ కొట్టు'వాడు కావలెనని మన పెద్దలెఱుగుదురు. బుఱ్ఱకథలో వంతలు లేనిచో కథకుని కథ నడువదు. ఫోనులో అవతలివాడు రెండు వాక్యముల వఱకు ఊఁకొట్టకున్నచో 'వింటున్నారా?' అని అడుగుదుము. అనగా సంభాషణము ఇద్దఱు కలసి కట్టు కట్టడము. హార్వీ సాక్స్, ఇమాన్యుయెల్ షెగ్లాఫ్, గెయిల్ జెఫర్సన్ అను మువ్వురు 1974లో 'లాంగ్వేజ్' పత్రికయందు ప్రకటించిన వ్యాసమున, మాటాడు వంతులు ఒకరినుండి మఱియొకరికి మాఱుటకు క్రమము కలదని నిరూపించిరి. మాటాడువాడు తరువాతివానిని ఎన్నుకొనవచ్చును. ఎన్నుకొననిచో వేఱొకడు తానై అందుకొనవచ్చును. ఎవ్వరును అందుకొననిచో మొదటివాడే కొనసాగవచ్చును. మన 'కదండీ', 'ఏమంటావు' అనునవి ఎదుటివానికి వంతు నందించు పలుకులు. 'నువ్వు', 'మీరు', 'తమరు' అనువానిలో ఒకదానిని ఎన్నుకొనక ఎదుటివానిని పిలువజాలము. వ్యాసకర్తకు ఆ చిక్కు లేదు.

ఈ విషయము నాకు తెలిసివచ్చినది నా తప్పువలననే. పరిశోధక విద్యార్థిగా నున్న కాలమున పెదజాలరిపేటలో ఒక వృద్ధుని మాటలను ధ్వనిముద్రణము చేసితిని. 'మునుపు చేపలు ఎక్కువ పడేవి కదా?' అని అడిగితిని. ఆయన పలుకులివి: 'ఆఁ... పడీవి. ఏటి పడీవి బాబూ! పడిన్నాడు పడీవి, నేన్నాడు నేదు.' నేను దానిని శుద్ధిచేసి, 'పూర్వము చేపలు ఎక్కువగా పడెడివని వృద్ధులు చెప్పిరి' అని వ్రాసితిని. అది అచ్చైనది కూడ. కొన్నియేండ్ల పిదప ఆ ముద్రణమును మరల వినినప్పుడు నా పొరపాటు బోధపడినది. ఆయన 'ఆఁ' అంగీకారము కాదు. నా మాట వింటినని తెలుపుట మాత్రమే. తొలి 'పడీవి' నా మాటకు మర్యాదగా పలికిన ప్రతిధ్వని. 'ఏటి పడీవి' యనుటలో నిరాకరణము స్పష్టము. నా 'కదా' ఆయన నోట ముందుగనే ఒక సమాధానమును పెట్టినది. ఆయన దానిని మృదువుగా తొలగించెను. నేను దానినే ఆయన పేర వ్రాసితిని. లేఖనముగా మార్చుటలో నేను ప్రశ్నను తొలగించితిని, సంశయమును తొలగించితిని, తుదకు ఆయన చెప్పినదానికి విరుద్ధమైనదానిని నిలిపితిని.

కావున మౌఖిక సాహిత్యమును, మాండలికములను సేకరించువారికి మూడు సూచనలు. సమాధానముతోపాటు ప్రశ్నను కూడ ఉన్నదున్నట్లు వ్రాయవలెను. 'ఆఁ', 'ఊఁ', మౌనము, పునరుక్తి అను వానిని వదలరాదు. శుద్ధప్రతిని సిద్ధపఱచినను మూలధ్వనిని భద్రపఱుపవలెను.

అధ్యాపకులకు ఒక మనవి. ఓడరేవు వలనను ఉక్కు కర్మాగారము వలనను నలుదిక్కుల జనులు చేరిన యీ నగరమున, ఒక్క తరగతిలోనే పెక్కు మాండలికములు వినవచ్చును. 'ఏటి' యని పలికిన విద్యార్థి తప్పు మాటాడలేదు; అతడు తన సంభాషణమున నిపుణుడే. ఎదుట లేని పాఠకునికి సందర్భమును సమకూర్చుట యను వేఱొక విద్యను అతనికి నేర్పవలసి యున్నది. మొదటిదానిని నిందింపకయే రెండవదానిని నేర్పవచ్చును.