పనిలేని పనిముట్లు

ప్రతి ఇంట్లోనూ అటక మీద పాత సామాన్లుంటాయి. చిల్లుపడిన బిందె, పిడి ఊడిన తిరగలి, ఎవరూ వాడని కవ్వం. పారేద్దామంటే బామ్మ, "ఉండనీరా, ఎప్పటికైనా పనికొస్తుంది!" అంటుంది. కంప్యూటరు ప్రోగ్రాములకు కూడా ఇలాటి అటకలుంటాయి.

ప్రోగ్రామును మనుషులు తమకు అర్థమయే విధంగా రాస్తారు. దాన్ని యంత్రానికి అర్థమయే భాషలోకి మార్చి, వేలకొద్దీ ముక్కలను సరి అయిన వరసలో కలపాలి. ఈ పని చేసే పనిముట్లలో పేరుపొందినది "మేక్". దీన్ని 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ తయారుచేశాడు. పులుసులో ఉప్పు చాలకపోతే అన్నం మళ్ళీ వండం గదా! అలాగే "మేక్" కూడా ఏ ఫైలు ఎప్పుడు మారిందో చూసి, మారినదానినీ, దానిపై ఆధారపడినవాటినీ మాత్రమే మళ్ళీ తయారుచేస్తుంది.

ఉత్తరాలు రాసుకునేందుకూ, లెక్కలు వేసుకునేందుకూ ఉపయోగపడే "లిబ్రేఆఫీస్" అనే ఉచిత ప్రోగ్రాము ఉన్నది. దాన్ని తెలుగులో కూడా వాడుకోవచ్చు. దాని మూలం 1980లలో జర్మనీలో పుట్టింది. 2000లో ఆ రాత అందరికీ అందుబాటులోకి వచ్చింది. 2010లో కొందరు దాన్ని లిబ్రేఆఫీస్ అనే పేరుతో వేరుగా నడపసాగారు. దేశదేశాలవారు అందులో పనిచేస్తారు.

కాని దాని అటక నిండిపోయి ఉన్నది! వందకు పైగా భాగాలుండేవి. ఒక్కొక్క భాగాన్ని తయారుచేయటానికి "డీమేక్", ఏ భాగం తరవాత ఏ భాగమో చెప్పటానికి మరొక పనిముట్టు, తయారైనవాటిని ఒకచోట చేర్చటానికి ఇంకొకటి. సాయపడదామని కొత్తగా వచ్చినవాడు, ఒక చిన్న తప్పు దిద్దాలన్నా ముందు ఇవన్నీ నేర్చుకోవాలి. నేర్చుకోలేక తిరిగిపోతే నష్టం అందరిదీ.

అలా అని పాతవాటిని ఒక్కసారిగా ఊడబెరికితే ప్రోగ్రామే తయారుకాదు. అందుచేత వాళ్ళు ఓపికగా ఒక్కొక్క భాగాన్నే "గ్నూ మేక్" అనే పనిముట్టుకు మార్చుతూ వచ్చారు. అంతకాలమూ పాతదీ కొత్తదీ పక్కపక్కనే పనిచేశాయి. చిట్టచివరి భాగం కూడా మారాక, డీమేక్‌తో ఇక ఎవరికీ పనిలేకపోయింది. అప్పుడు దాన్ని తీసేశారు. 2013 ఫిబ్రవరిలో 4.0 అనే కూర్పు వెలువడేనాటికి ఈ మార్పు పూర్తి అయింది.

తీసేసినది బొత్తిగా మాయం కాలేదు. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో చెప్పే చిట్టా ఉంటుంది. కావలసివస్తే పాతదాన్ని అందులోనుంచి తిరిగి తెచ్చుకోవచ్చు.

ఈసారి అటక సర్దేటప్పుడు బామ్మ మాట కొట్టిపారేయకండి. "దీన్ని ఇంకా ఎవరైనా వాడుతున్నారా?" అని ముందు అడగండి. లేదని తేలితే నిర్భయంగా దించెయ్యవచ్చు. తరవాత వచ్చేవారికి చోటు దొరుకుతుంది.