వెన్న పాప మాట తీరు

ప్రభుత్వాలు మారాయి, తరాలు మారాయి. అమూల్ గొంతు మాత్రం అదే. మిగతా బ్రాండ్లకు అది ఎందుకు సాధ్యం కావడం లేదు?

2009 జనవరి 7. కంపెనీ ఖాతాల్లోని వేల కోట్ల రూపాయలు కాగితాలకే పరిమితమని సత్యం కంప్యూటర్స్ అధినేత బి. రామలింగరాజు లేఖ రాయడంతో హైదరాబాద్ నివ్వెరపోయింది. ఆ కుంభకోణంపై అమూల్ హోర్డింగుల్లోని చుక్కల గౌను పాప తన తీర్పు చెప్పేసింది: 'సత్యం, శరమ్, స్కాండలమ్'. పాత హిందీ సినిమా పేరుకు ఓ చిన్న మెలిక, అంతే. దీనిపై సత్యం బోర్డు నుంచి హెచ్చరిక లేఖ వచ్చిందని, ఉద్యోగులంతా అమూల్ వెన్న తినడం మానేస్తారని బెదిరించారని ప్రకటనల రూపకర్త రాహుల్ డకున్హా తర్వాత చెప్పుకొచ్చారు. పాప మాత్రం చమత్కారం మానలేదు.

నేటి కంపెనీలకు వంద నోళ్లు. టీవీ ప్రకటన ఒక ఏజెన్సీది, ప్యాకెట్ మీది రాతలు మరొకరివి, ఫోన్‌కు వచ్చే సందేశం ఇంకెవరిదో. మార్కెటింగ్ అధికారి మారితే మాట తీరూ మారుతుంది. అందుకే బ్రాండు ఎలా మాట్లాడాలో వివరిస్తూ కంపెనీలు లావుపాటి నిబంధనల పుస్తకాలు రాయించుకుంటున్నాయి. ఎన్ని రాయించుకున్నా గొంతు ఒక్కటి కావడం లేదు. దశాబ్దాలుగా ఆ పని చేసి చూపిన అమూల్ దగ్గర కనిపించేది పుస్తకం కన్నా ఎక్కువగా కొందరు మనుషులు, వారిపై ఉంచిన నమ్మకం.

కథ 1966లో మొదలైంది. అమూల్ వెన్న ప్రచార బాధ్యత బొంబాయిలోని ఏఎస్‌పీ ఏజెన్సీకి దక్కింది. అప్పటికి మార్కెట్లో పోల్సన్ వెన్నది పెద్ద పేరు. సిల్వెస్టర్ డకున్హా, కళా దర్శకుడు యూస్టేస్ ఫెర్నాండెజ్ కలిసి నీలి జుట్టు అల్లరి పాపను సృష్టించారు. సిల్వెస్టర్ భార్య నిషా సూచనతో 'అట్టర్లీ బట్టర్లీ' నినాదం పుట్టింది. వ్యాకరణం ఒప్పుకోకపోయినా జనం ఒప్పుకున్నారు. అసలు మలుపు మాత్రం సహకార ఉద్యమ సారథి వర్గీస్ కురియన్ తీసుకున్న నిర్ణయం. ప్రతి ప్రకటనకూ ముందస్తు ఆమోదం అక్కర్లేదని ఆయన ఏజెన్సీకి స్వేచ్ఛ ఇచ్చారు. ఈ వారం సంగతిపై ఈ వారమే మాట్లాడగలగడం అలా సాధ్యమైంది.

తర్వాత పగ్గాలు సిల్వెస్టర్ కుమారుడు రాహుల్ చేతికి వచ్చాయి. రచయిత మనీష్ ఝవేరి, చిత్రకారుడు జయంత్ రాణే ఏళ్ల తరబడి ఆయనతో కలిసి పనిచేశారు. విషయం రోజూ కొత్తదే: క్రికెట్, ఎన్నికలు, పెట్రోలు ధర, 2023లో 'నాటు నాటు'కు దక్కిన ఆస్కార్. పాప స్వభావం మాత్రం పాతదే. ఆటపట్టిస్తుంది, పగబట్టదు. చివరికి మాట వెన్న దగ్గరికే చేరుస్తుంది. నిలకడ అంటే ఒకే వాక్యాన్ని వల్లించడం కాదని, ఎవరు మాట్లాడుతున్నారో సంతకం చూడకుండానే తెలియడమని ఈ ప్రకటనలు చెబుతాయి. ఈ హోర్డింగుల వెనక ఉన్నది గుజరాత్‌లోని సుమారు 36 లక్షల మంది పాడి రైతుల సొమ్ము. ఏటా గొంతు మార్చి, మళ్లీ కొత్తగా పరిచయం చేసుకునే దుబారా వారికి తప్పింది.

అయితే గొంతు నిలబెట్టుకోవడమంటే ధైర్యం నిలబెట్టుకోవడం కూడా. ఎమర్జెన్సీలో బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు సాగుతున్న 1976లో పాప నర్సు వేషంలో ప్రత్యక్షమైంది. నిర్బంధ స్టెరిలైజేషన్‌ను తాము ఎప్పట్నుంచో పాటిస్తున్నామంది. పాల శుద్ధి గురించే లెండి! అలాంటి కొంటెతనం ఇప్పుడు అధికారంలో ఉన్నవారి జోలికి పోవడం తగ్గిందన్న విమర్శ ఉంది. అదే నిజమైతే గౌను, జుట్టు, నినాదం అన్నీ యథాతథంగా ఉండగానే గొంతు మారినట్టు. ఏ నిబంధనల పుస్తకమూ పట్టుకోలేని మార్పు అది.

ఎయిరిండియా అనుభవం ఇందుకు మరో కోణం. 1946లో బాబీ కూకా ఆలోచనకు చిత్రకారుడు ఉమేశ్ రావు గీతలు తోడై పుట్టిన మహారాజా, తలవంచి స్వాగతం పలికే వినయానికి ప్రతీక అయ్యాడు. పోస్టర్లలో ఆయన వినయం అలాగే ఉంది. కానీ విమానాలు ఆలస్యమై, అప్పులు పెరిగి, 2022 జనవరిలో సంస్థ తిరిగి టాటాల చేతికి చేరేనాటికి పోస్టర్ చెప్పే మాటకూ ప్రయాణికుడి అనుభవానికీ పొంతన లేకుండా పోయింది. పోస్టర్‌లో పలికిన స్వాగతం కౌంటర్ దగ్గరా వినిపించాలి.

తెలుగులో ఈ చిక్కు రెట్టింపు. ఇంగ్లిష్ 'యూ' ఒక్కటే. ఇక్కడ 'నువ్వు' అనాలా, 'మీరు' అనాలా? బ్రాండు స్వభావం ఆ ఒక్క మాటతోనే తేలిపోతుంది. చాలా కంపెనీలు దాన్ని అనువాదకుడికి వదిలేస్తున్నాయి. ఫలితంగా టీవీలో 'నీ కల, నీ ఇల్లు' అంటూ భుజంపై చెయ్యి వేసే బ్యాంకే, ఫోన్‌లో 'ప్రియమైన వినియోగదారుడా' అని పలకరిస్తుంది. వాయిదా తప్పితే వచ్చే నోటీసు కోర్టు భాషలో గద్దిస్తుంది. ముగ్గురు వేర్వేరు మనుషులు మాట్లాడినట్టుంటే ఖాతాదారు ఎవరిని నమ్మాలి?

యూస్టేస్ 2010లో, కురియన్ 2012లో, సిల్వెస్టర్ 2023లో కన్నుమూశారు. పాప గొంతు మాత్రం ఆగలేదు. తొలి తరం అప్పగించిన గొంతును తర్వాతి తరం తమ సొంత తెలివి చూపించుకోవడానికి పాడుచేయలేదు. మన కంపెనీలు ముందుగా తేల్చుకోవాల్సింది కొత్త నినాదం కాదు. ఖాతాదారుతో తాము ఎవరిగా మాట్లాడుతున్నామో, బాకీ అడిగే రోజు కూడా అలాగే మాట్లాడగలమో లేదో!