128 ఎంబీలో పట్టని ఒక్క పేజీ

ఉట్నూర్‌కు దగ్గర్లోనే, నార్నూర్ మండలంలో గుంజాల ఉంది. ఆ ఊళ్లోని గోండు లిపి చేతిరాత పుస్తకాలు 2006లో హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకుల కంటపడ్డాయి. 2018 జూన్‌లో ఆ లిపికి గుంజాల గోండి పేరుతో యూనికోడ్ 11లో చోటు దక్కింది. అలాంటి పుస్తకాన్ని స్కాన్ చేసి పీహెచ్‌పీలో రాసిన సైట్‌కు ఎక్కిద్దామని ఉట్నూర్‌లో ఎవరైనా కూర్చున్నారనుకోండి. మొదటి పేజీకే తెర మీద ఇలా రావచ్చు: అలౌడ్ మెమరీ సైజ్ ఆఫ్ 134217728 బైట్స్ ఎగ్జాస్టెడ్, ట్రైడ్ టు అలొకేట్ 20480 బైట్స్.

పెద్ద అంకె 128 ఎంబీ. సర్వర్‌కు వచ్చే ఒక్కో రిక్వెస్ట్‌కు పీహెచ్‌పీ మామూలుగా పెట్టే గరిష్ఠ పరిమితి అది. చిన్న అంకె చూసి చాలామంది తికమకపడతారు. ఇరవై కేబీ కూడా దొరకలేదా?

లెక్క చూద్దాం. ఏ4 కాగితాన్ని 600 డీపీఐలో స్కాన్ చేస్తే అడ్డంగా 4960, నిలువుగా 7016 పిక్సెళ్లు. జేపెగ్ ఫైల్‌గా డిస్కు మీద అది ఐదారు ఎంబీలే ఉండొచ్చు. కానీ బొమ్మ సైజు తగ్గించాలన్నా, తిప్పాలన్నా దాన్ని మెమరీలో పూర్తిగా విప్పి పరచాలి. పీహెచ్‌పీతో వచ్చే జీడీ లైబ్రరీ ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు తీసుకుంటుంది. మొత్తం 13,91,97,440 బైట్లు. పరిమితి 13,42,17,728. ఒక్క పేజీయే పట్టదు. జీడీ ఈ చోటును వరుసకొకటిగా అడుగుతుంది. ఒక వరుసకు 19,840 బైట్లు; పీహెచ్‌పీ దాన్ని 4,096 బైట్ల ముక్కల్లోకి సర్దితే 20,480. అంటే ఆ చిన్న అంకె పేజీలో ఒక్క వరుస. ఆరు వేల పైచిలుకు వరుసలు సర్దుకున్నాక దానికి చోటు లేకపోయింది. ఎర్రర్ చూపించే లైన్ నంబర్ కూడా అంతే. చివరగా చెయ్యి చాపినవాడినే పట్టిస్తుంది, అంతకుముందు మెమరీ మింగినవాడిని కాదు. దొంగను పట్టాలంటే మెమరీ_గెట్_పీక్_యూసేజ్ విలువను ఒక్కో దశ తర్వాత లాగ్‌లో రాయించాలి.

కొందరు తప్పు లిపి మీదకు నెడతారు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షర సంకేతానికి 3 బైట్లు, గుంజాల గోండికి 4. నిజమే. అయినా వెయ్యి సంకేతాల పేజీకి నాలుగు వేల బైట్లు. పైన చెప్పిన బొమ్మలో ఒక వరుసలో నాలుగో వంతు కూడా కాదు.

పరిమితిని 512 ఎంబీకి పెంచేస్తే? ఈ పేజీ ఎక్కుతుంది. కానీ ఆ పరిమితి రిక్వెస్ట్‌కు ఇంత అని. 2 జీబీ సర్వర్ మీద నలుగురు ఒకేసారి అంత వాడితే సర్వర్ మెమరీయే అయిపోతుంది. అప్పుడు లైనక్స్ ఎక్కువ మెమరీ పట్టుకున్న ప్రాసెస్‌ను చంపుతుంది. తరచూ అది డేటాబేస్ అవుతుంది. తప్పు చేసింది ఒకరు, పోయేది ఇంకొకరు. పరిమితే వద్దని మైనస్ 1 పెట్టడం నా దృష్టిలో మొండితనం.

అసలు స్కాన్‌ను విప్పకుండానే డిస్కు మీద భద్రపరచాలి. తెర మీద చూడ్డానికి 300 డీపీఐ చాలు. దానికి మూడున్నర కోట్ల బైట్లు కూడా పట్టవు. అయితే ఆ తగ్గించే పనిని అప్‌లోడ్ రిక్వెస్ట్‌లో కాక, పక్కన ఒకదాని తర్వాత ఒకటిగా నడిచే క్యూకి అప్పగించాలి. క్యూకి మాత్రం పరిమితి పెంచినా ఫర్వాలేదు, ఎందుకంటే అక్కడ ఒకసారికి ఒక్క పేజీయే ఉంటుంది.