పాత బుల్‌డోజరు: నూనె కారుట, నీరు చేరుట

నా వృత్తికాలమంతయు పిల్లలకు శబ్దములును సమాసములును చెప్పిన నేను నేడు బుల్‌డోజరును గూర్చి ప్రసంగింప బూనుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. కాని మా బంటుమిల్లి ప్రాంతమున చేపల చెరువులును రొయ్యల చెరువులును విస్తరించిన నాటినుండి చైనుబండి మాట రాని యరుగు లేదు. గట్టు పోయుటకును, ఎండిన చెరువడుగు చదును చేయుటకును అది కావలెను. క్రొత్తది కొనగలవారు కొందరే. తక్కినవారు పలువురి చేతులు మారిన పాతబండితోనే కాలక్షేపము చేయుదురు. అట్టి దానినొకదానిని మా మేనల్లుడును వాని మిత్రులిద్దరును కలిసి కొనిరి. ఆ బండి నాకు గురువైనది.

ఈ యంత్రమునకును మనవంటి నేలకును పాత చుట్టరికము కలదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున, స్టాక్టన్ పట్టణము చెంత, నదీముఖపు మెత్తని నేలలో చక్రపుబండ్లు దిగబడిపోవుచుండగా బెంజమిన్ హోల్టు అనునతడు 1904 నవంబరులో తన ఆవిరియంత్రమునకు వెనుక చక్రములకు బదులు చైనులు తగిలించి నడిపి చూచెను. మన దేశమున 1964లో స్థాపింపబడిన బెమెల్ సంస్థ జపానుదేశపు కొమాత్సువారి సాంకేతిక సహకారముతో డోజర్లు చేసినది. బురదలో నడచుటకై పుట్టిన బండియే యైనను, దాని కడుపులోనికి బురదనీరు పోరాదు.

కడుపన నేమో చెప్పెదను. ఇంజను పుట్టించిన బలము ముందుగా క్లచ్చికిని, కొన్ని బండ్లలో టార్కు కన్వర్టరునకును చేరును. అటనుండి గేరుబాక్సునకు వచ్చి, దాని వెనుక కుడియెడమలకు చీలును. ప్రతిప్రక్కను ఒక స్టీరింగు క్లచ్చి, దాని తరువాత ఫైనల్ డ్రైవు అను పెద్ద పండ్లచక్రముల పెట్టె, దాని వెలుపల స్ప్రాకెట్టు, స్ప్రాకెట్టును పట్టుకొని చైను. పెట్టెను దాటి ఇరుసు వెలుపలికి వచ్చు ప్రతిచోటను ఒక సీలుండును. లోపలి ఇరుసులకు రబ్బరు పెదవి గల సీలు. చైను చెంత, బురద తగులుచోట, అద్దమువలె నునుపు చేసిన రెండు ఇనుప ఉంగరములు ఎదురెదురుగా ఒరసికొనుచుండగా, వానిని రెండు రబ్బరు ఉంగరములు వెనుకనుండి అదిమి పట్టును. ఈ సీలు చేయు పనులు రెండు. నూనెను బయటికి పోనీయదు. నీటిని లోనికి రానీయదు. మనము మొదటిదానినే చూతుము, ఏలయన నూనె కంటికి కనబడును, డబ్బు పెట్టి కొన్నది.

మా వాండ్ర బండికి ఎడమ స్ప్రాకెట్టువద్ద నూనె కారుచుండెను. ప్రతి సాయంకాలము కొంచెము పోసి మట్టము సరిచేసెడివారు. “చుక్క నూనెకు బండి విప్పుదురా?” యని నేనును అంటిని. ఆ మాట నేటికిని నన్ను గుచ్చుచున్నది. వైశాఖమాసము, చెరువుల పనికి అదను. ఒక వారము నీరు తీయని చెరువులో పనిచేసిన తరువాత మట్టము తగ్గుట మానినది. కారుట తనంత తానే ఆగినదని అందరము సంతోషించితిమి. ఆగలేదు. పోయిన నూనె చోటికి నీరు వచ్చి కూర్చుండి మట్టము నిలిపినది. మరి పది దినములకు పెట్టెలో గరగర శబ్దము పుట్టినది. విప్పి చూడగా లోపల మజ్జిగవంటి ద్రవము, త్రుప్పుపట్టిన బేరింగు, గుంటలు పడిన పండ్లు! ఆ వేసవియంతయు బండి గట్టుమీదనే పడియుండెను. చెరువు కౌలు మాత్రము కట్టక తప్పలేదు.

కావున మట్టము చూచిన చాలదు. బండి రాత్రియంతయు కదలక నిలిచిన పిదప, వేకువను నడుపకముందు, పెట్టె అడుగు బిరడాను రెండు చుట్లు సడలించి చూడవలెను. నీరు నూనెకంటె బరువు గనుక అడుగున చేరి ముందుగా వచ్చును. వచ్చినది వట్టి నూనెయైనచో బిరడా బిగింపవచ్చును. నీరైనను, తెల్లని మజ్జిగయైనను ఆ దినము పని ఆపవలెను. ఆ నూనెలో అయస్కాంతమును త్రిప్పుడు. మెత్తని బూడిదవంటి పొడి అంటుట సహజము. గోటికి తగులు రేకుముక్కలు అంటినచో లోపల ఏదియో విరుగుచున్నది.

ఇక కారుచోటు కనుగొనుట. పొగను చూచి నిప్పు నూహించుట తర్కమున ప్రసిద్ధము. కాని ఇచ్చట చుక్క పడుచోటు వేఱు, కారుచోటు వేఱు. నూనె పెట్టె వెంబడి జారి, అడుగురేకుమీద ప్రాకి, పల్లమున్నచోట చుక్కయై పడును. నల్లగా కాలిన వాసన గలది ఇంజనాయిలు. చిక్కగా తేనెరంగున గంధకపు వాసన గలది గేరాయిలు. పలుచగా లేతపసుపున నుండునది తరచుగా హైడ్రాలిక్ నూనె. కొన్ని బండ్లలో గేరుబాక్సునకును పలుచని నూనెయే పోయుదురు గనుక రంగొక్కటియే ప్రమాణము గాదు. అనుమానపు చోటును శుభ్రముగా కడిగి, తుడిచి, ఆరనిచ్చి, దానిపై సుద్దపొడి చల్లి అరగంట బండి నడిపించిన నూనె పుట్టినచోట తడిగీత స్పష్టముగా తేలును. ఈ ఉపాయము ఒక వృద్ధ మేస్త్రీ చెప్పినది. బడిలో అన్నేండ్లు చేతులకంటించుకొన్న సుద్దకు ఇట్టి యుపయోగము కలదని నే నెఱుగను! పరీక్షించునపుడు బ్లేడు నేలకు దింపి, ఇంజనాపి, చైను క్రింద దిమ్మలు పెట్టవలెను. హైడ్రాలిక్ గొట్టమువద్ద చేతితో తడుమరాదు. సూదివంటి నూనెధార చర్మము చీల్చుకొని లోనికి పోవును. గాయము చిన్నదిగా కనబడినను తత్క్షణమే ఆసుపత్రికి పోవలెను. అచ్చట అట్టముక్క పెట్టి చూడుడు.

సీలు మార్పించుటకు ముందు బ్రీదరును చూడవలెను. పెట్టె వేడెక్కగా లోని గాలి వ్యాకోచించును. అది పోవుటకు పైన చిన్న రంధ్రపు మూత కలదు. బురదయో, కందిరీగ మట్టిగూడో దానిని పూడ్చినచో గాలి నూనెను సీలు దారిని త్రోయును. క్రొత్త సీలు వేసినను మరల కారుటకు ఇది యొక కారణము. మట్టమునకు మించి నూనె పోయుట మఱియొకటి. పాత సీలు పెదవి ఇరుసుమీద గాడి చేసియుండుట ఇంకొకటి. అప్పుడు ఇరుసుకు సన్నని తొడుగు వేయింపవలెను.

క్లచ్చిపెట్టెది వేఱు కథ. పాతబండ్లలో కొన్నిటికి క్లచ్చి పొడిగా నుండవలెను. లోపలి సీలు కారి ఆ పెట్టెలో నూనె చేరినచో క్లచ్చి జారి, బండి ఒకప్రక్క లాగదు. నూనె పోవుటకై అడుగున రంధ్రముండును. నీటిలో పనిచేయునపుడు మాత్రము దానికి బిరడా బిగించి, గట్టెక్కగానే తీయవలెను. తీయుట మరచినచో చేరిన నూనె లోపలనే నిలిచి క్లచ్చి నానును. క్రొత్త క్లచ్చి కొనుటకు పోవుముందు ఆ బిరడా తీసి చూడుడు.

చైనుచెంత సీళ్లకు మన నల్లరేగడి గొప్ప శత్రువు. రాత్రి ఎండి ఱాయివలె బిగిసి, ఉదయము బండి కదలగానే ఉంగరములను ప్రక్కకు నెట్టును. సాయంకాలమే గునపముతో, నీటితో శుభ్రపరుపవలెను. చెరువులలో పారవేసిన నైలాను వలముక్కలు ఇరుసుకు చుట్టుకొని సీలులోనికి చొచ్చుకొనిపోవును. వానిని అప్పుడప్పుడే కోసి తీయవలెను. కారుచున్నదని నూనెకు బదులు గ్రీజు కూరువారు కలరు. గ్రీజు పండ్లచక్రము త్రోసినచోటనే నిలిచిపోయి బేరింగునకు అందదు, అది చేయకుడు. స్ప్రాకెట్టును సుత్తులతో ఊడగొట్టకుడు. దానికి తగిన ఒత్తుడు యంత్రముండవలెను; విజయవాడ ఆటోనగరులో అట్టి పనివారు దొరకుదురు.

చెమర్చు ప్రతి సీలును వెంటనే విప్పనక్కరలేదు. రాత్రి క్రింద అట్ట పరచి, ప్రతిదినము పోసిన కొలత వ్రాసికొనవలెను. కొలత పెరిగినను, కారణము లేక హఠాత్తుగా ఆగినను విప్పుటయే మంచిది. కారు నూనెను పళ్లెములో పట్టి డబ్బాలో నుంచుడు. చెరువునగాని కాలువనగాని పోయరాదు. నీటిపై నూనెపొర గట్టి క్రిందకు గాలి పోనీయదు, చేపకు ఊపిరాడదు.

మా వాండ్ర బండి ఇప్పటికిని నడుచుచున్నది. ఎడమ పెట్టె బాగుచేయించిరి. కుడి సీలు చెమర్చుచున్నది. దాని కొలత నా పాత హాజరుపట్టీ వెనుక పుటలలో మా మేనల్లుడు వ్రాయుచున్నాడు. ఈ చెరువు పట్టుబడి కాగానే విప్పించెదనని చెప్పినాడు.